గ్యాసు వాసన వెనక ఓ బడి కథ

మొన్న మా చిన్నవాడి బడిలో పేరెంట్స్ మీటింగ్ అయ్యాక మంచినీళ్ల కోసం వంటగది వైపు వెళ్లాను. గుమ్మంలోనే గుప్పున గ్యాసు వాసన! "ఆయమ్మా, వాసనొస్తోంది" అంటే, "పొద్దుట్నుంచీ అట్టానే వస్తందమ్మా, కిటికీ తీశాగా" అంది తాపీగా. రెగ్యులేటర్ కట్టేసి చూస్తే ట్యూబు చివర చీలి ఉంది. దాన్ని వేసి ఎన్నేళ్లయిందో ఆమెకు తెలీదు. అడిగినవాళ్లూ లేరు.

నిజానికి గ్యాసుకి సొంత వాసన ఉండదు. మన ముక్కుకి తగిలేది కావాలని కలిపే మెర్‌కాప్టాన్ అనే మందు. దాన్ని తప్పనిసరి చేయించింది ఒక బడే.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, న్యూ లండన్ ఊరు. చమురు బావుల పుణ్యమా అని బాగా డబ్బున్న బడి. అయినా బాయిలర్ పెట్టి ఆవిరితో గదులు వెచ్చబరచమంటే ఖర్చని, డెబ్బైకి పైగా గ్యాసు హీటర్లు పెట్టారు. 1937 మొదట్లో బిల్లు మిగులుతుందని, చమురు కంపెనీ వృథాగా వదిలే గ్యాసు గొట్టానికి కనెక్షన్ కలిపేసుకున్నారు. అది నేల కింద ఖాళీలోకి కారింది. వాసన లేదు, ఎవరికీ తెలీలేదు. మార్చి 18 మధ్యాహ్నం వర్క్‌షాపులో ఒక కరెంటు యంత్రం స్విచ్ వేయగానే బడి మొత్తం పేలిపోయింది. దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. కొద్ది వారాల్లోనే గ్యాసుకి వాసన కలపాలని ఆ రాష్ట్రం చట్టం చేసింది. తర్వాత లోకమంతా అదే దారి పట్టింది.

మన పక్కనే కుంభకోణంలో 2004 జులై 16న జరిగింది గ్యాసు ప్రమాదం కాదు. బడి వంటశాలలో పుట్టిన మంట ఆకుల కప్పుకి అంటుకుని 94 మంది పసివాళ్లను పొట్టన పెట్టుకుంది. ఆ కేసు మీదే 2009లో సుప్రీంకోర్టు, ప్రతి బడిలో మంటలార్పే పరికరాలుండాలనీ, సిబ్బందికి వాటి వాడకం నేర్పాలనీ చెప్పింది.

మన రాష్ట్రంలో 2003 నుంచీ బళ్లలో వేడివేడి మధ్యాహ్న భోజనం వండుతున్నారు. పథకం పేర్లు మారాయి, కట్టెల పొయ్యి పోయి చాలాచోట్ల సిలిండర్ వచ్చింది. అన్నం ఉడికిందా, గుడ్డు ఇచ్చారా అని అడుగుతాం. ట్యూబు సంగతి మాత్రం అడగం.

అడగాల్సినవి ఎన్నో లేవు. ట్యూబు అయిదేళ్లకోసారి మార్చాలి. సిలిండర్ మెడ దగ్గర ఎ, బి, సి, డి అక్షరంతో సంవత్సరం ఉంటుంది. ఎ అంటే మార్చి ఆఖరు, డి అంటే డిసెంబరు ఆఖరు. ఆ గడువు దాటింది తీసుకోకూడదు. ఈ గ్యాసు గాలికన్నా బరువు, నేలబారున పాకుతుంది. కాబట్టి కిటికీ ఒక్కటే చాలదు, తలుపులూ బార్లా తీయాలి. స్విచ్ ముట్టుకోకూడదు. బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి.

ఆ మర్నాడే హెడ్మాస్టారు కొత్త ట్యూబు వేయించారు. ఆయమ్మ నన్ను చూసి, "నా మనవరాలూ ఈ బడేనమ్మా" అంది కళ్లు తుడుచుకుంటూ.

ఎక్కడో ఎవరి పిల్లలో పోతే మనకి దక్కిన హెచ్చరిక ఆ వాసన. దానికి అలవాటు పడిపోవద్దు. ఈసారి మీటింగుకి వెళ్తే మార్కుల కాగితంతో పాటు వంటగది కూడా ఒకసారి చూసి రండి.