గెవేర్ 88: మార్పుల ముద్రల్లోనే విలువ

1884లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పాల్ వియెయ్ పొగరాని తుపాకిమందు తయారుచేశాడు. కొద్ది కాలంలోనే ఆ మందుతో పేలే లెబెల్ రైఫిల్‌ను ఫ్రాన్సు తన సైన్యానికి ఖాయం చేసింది. అప్పటికి జర్మన్ సైనికుల చేతుల్లో ఉన్నవి నల్లమందుతో పేలే 11 మిల్లీమీటర్ల మౌజర్ తుపాకులు. పొగ చూసి శత్రువు గురిపెట్టే తుపాకితో, పొగే కనిపించని తుపాకిని ఎదుర్కోవడం కష్టం. ఆ కంగారులో స్పాండౌలోని రైఫిల్ పరీక్షా సంఘం కూర్చిన ఆయుధమే గెవేర్ 88. సంఘం చేసింది కాబట్టి దీన్ని కమిషన్ రైఫిల్ అనీ అంటారు. బోల్ట్‌లో మౌజర్ పోలికలున్నాయి, మ్యాగజైన్ ఆస్ట్రియాకు చెందిన మాన్లిఖర్ పద్ధతిది, గొట్టం చుట్టూ పలుచని ఉక్కు తొడుగు. అయిదు తూటాలను క్లిప్‌తో సహా లోపలికి నెడితే, చివరి తూటా అయ్యాక ఖాళీ క్లిప్ అడుగున ఉన్న సందులోంచి జారిపడుతుంది.

హడావిడిగా పుట్టింది కనుక వాడుకలో ఉండగానే దీన్ని దిద్దుతూ పోవలసి వచ్చింది. 1896లో గొట్టం లోపలి గాడుల లోతును 0.10 నుంచి 0.15 మిల్లీమీటర్లకు పెంచి, అలాంటి తుపాకుల మీద ‘జెడ్’ అక్షరం కొట్టారు. ఆ తర్వాత సైన్యం కాస్త లావైన సూదిమొన గుండుకు మారింది. దానికి తగినట్టు తూటా కూర్చునే గదిని సవరించినవాటికి ‘ఎస్’ ముద్ర పడింది. మాన్లిఖర్ క్లిప్‌ను వదిలేసి, పైనుంచి పట్టీతో తూటాలు నింపేలా మార్చినవి 88/05 రకం. మొదటి ప్రపంచయుద్ధపు ఒత్తిడిలో మొరటుగా మార్చినవి 88/14. సేకరణకర్తల లెక్కలో కార్ఖానా నుంచి వచ్చినట్టే మిగిలిన తుపాకిదే అగ్రస్థానం, మార్చినవి రెండో రకం. ఈ రైఫిల్ విషయంలో ఆ కొలత చాలదని నా వాదన. దిద్దుబాట్లే దీని చరిత్ర కాబట్టి, ముద్రలన్నీ ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా లేదా అన్నదే అసలు పరీక్ష కావాలి.

మార్చనిది అరుదు, అరుదైనదానికే ధర ఎక్కువ కదా అంటారు. నిజమే, కాదనను. కానీ మార్చలేదని తేల్చేదెలా? ఏ మార్పు ఎక్కడ ఏ గుర్తు వదులుతుందో తెలిసినవాడే ఆ గుర్తు లేదని చెప్పగలడు. ఇంకో అభ్యంతరం దీనికన్నా బలమైనది: ముద్రలను దొంగతనంగా కొట్టొచ్చు. ఒక అక్షరం కొట్టడం తేలికే. అయితే 88/05 అని చూపాలంటే రిసీవర్ (బోల్ట్ కదిలే చట్రం) మీద పట్టీ నిలిచే కొమ్ములు ఉండాలి, బొటనవేలు ఆనేందుకు ఎడమ గోడ కోసి ఉండాలి, అడుగు సందుకు రేకు మూత పడాలి. వీటన్నిటినీ కలిపి నమ్మించడం అక్షరం కొట్టినంత సులువు కాదు. క్రమసంఖ్య ఒక్కటే చూసి నమ్మడం మాత్రం ప్రమాదం. ప్రభుత్వ ఆయుధ కార్ఖానాల్లో ఏటా అంకెలు మళ్లీ మొదటినుంచి మొదలయ్యేవి, పది వేలకోసారి పక్కన అక్షరం మారేది. అందుకే కార్ఖానా పేరు, సంవత్సరం, సంఖ్య, అక్షరం నాలుగూ కలిపి చదవాలి. చిన్న భాగాల మీది రెండంకెలు ఆ క్రమసంఖ్య చివరి రెండంకెలకు సరిపోవాలి. మెరుపు కోసం ఉక్కును అరగదీసి పాలిష్ పెట్టడమంటే ఈ సాక్ష్యాన్ని చేజేతులా చెరిపేయడమే. సంవత్సరానికి చట్టపరమైన బరువూ ఉంది: అమెరికా ఫెడరల్ చట్టం 1898 వరకు తయారైన తుపాకులను పురాతన వస్తువులుగా లెక్కిస్తుంది.

ఈ రైఫిళ్లను తయారుచేసిన బెర్లిన్‌లోని లుడ్విగ్ లోవె కంపెనీ పేరున్న తుపాకికి మరో చరిత్ర ఉంది. 1892లో హెర్మన్ ఆల్వార్ట్ అనే యూదు ద్వేషి ఆ కంపెనీ యజమానులు యూదులు కాబట్టి కావాలనే నాసిరకం తుపాకులు చేశారని కరపత్రం వేశాడు. కోర్టు అతన్ని పరువునష్టం నేరం కింద శిక్షించింది. ఆ పేరు చెక్కుచెదరకుండా నిలిచిన రైఫిల్, ఆ అబద్ధం ఏ వస్తువు మీద అల్లుకుందో కళ్లకు చూపిస్తుంది.

మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ మిత్రదేశమైన తుర్కీకి వెళ్లిన గెవేర్ 88ల మీద నెలవంక గుర్తులు పడ్డాయి. 1930లలో కొన్నింటిని అక్కడే మళ్లీ మరమ్మతు చేశారు. చైనాలోని హన్యాంగ్ కార్ఖానా ఇదే నమూనాతో రెండో ప్రపంచయుద్ధం నాటికి కూడా తుపాకులు చేస్తూనే ఉంది. జర్మన్ అంకెల పక్కన తుర్కీ ముద్ర కనిపిస్తే ధర తగ్గించే అలవాటు నాకు సరైనదిగా తోచదు. ఆ ముద్రలు వరుస తప్పకుండా, నిజమైన మార్పులతో పొసగుతుంటే, గోడకు తగిలించి మెరుగుపెట్టిన ‘కొత్త’దానికన్నా దాన్నే మేలైన నమూనాగా లెక్కగడతాను.