చర్చి కింద పదహారు అంతస్తులు

ముందు గిటార్ వినండి. పన్నెండు తీగల మీద ఆట సంగీతకర్త మ్యాట్ యూల్మెన్ ఏ తొందరా లేకుండా వాయిస్తున్నాడు. ట్రిస్ట్రమ్ ఊరంతా ఆ రాగంలో మునిగి ఉంది. ఊరంటే పట్టుమని పదిమంది కూడా మిగల్లేదు. కొలిమి దగ్గర గ్రిస్‌వోల్డ్, ఊరి నడుమ కెయిన్ తాత, తాగి కూలబడిన ఫార్న్‌హమ్, ఒక కాలు పోగొట్టుకుని చెక్కకాలితో నిలబడ్డ కుర్రాడు విర్ట్. ఎవరిని పలకరించినా తిరిగి తిరిగి చర్చి మాటకే వస్తారు.

మనం అటే నడుస్తున్నాం. 1996-97 చలికాలంలో వచ్చిన ఈ 'డయాబ్లో' కంప్యూటర్ ఆటలో పరుగు లేదు, నడకే. చర్చి ముందు ఒకతను నెత్తుటి మడుగులో పడి ఉన్నాడు. ఆర్చ్‌బిషప్ లాజరస్ తమను పోగుచేసి లోపలికి తీసుకెళ్లాడట, కసాయి అనే రాక్షసుడి కత్తికి వదిలేసి మాయమయ్యాడట. చచ్చిపోయిన తనవాళ్ల కోసం ఆ కసాయిని చంపమని అడిగి కళ్లు మూస్తాడు.

మెట్లు దిగాం. మన చుట్టూ చిన్న వెలుగు వలయం, అవతల చీకటి. వలయం మనతోపాటే జరుగుతుంది. దాని బయట ఏముందో చెవులే చెప్పాలి. ఎడమవైపు ఎముకల చప్పుడు. ఎక్కడో గుసగుసలాడుతూ పొట్టి పిశాచాలు, ఫాలెన్ అంటారు వాటిని. ఒకదాన్ని నరికితే చుట్టుపక్కలవి కెవ్వుమంటూ పారిపోతాయి, కాసేపటికి ధైర్యం తెచ్చుకుని మళ్లీ వస్తాయి. ఒక్కో దెబ్బకు ఒక్కో క్లిక్. నొక్కి పట్టుకుంటే కత్తి దానంతటది ఆడదు. అందుకే పోరు ముగిసేసరికి చూపుడువేలు నొప్పి పెడుతుంది, ఆ నొప్పిలో గెలిచిన తృప్తీ ఉంటుంది.

ఈ క్లిక్‌కో కథ ఉంది. ఆట రూపకర్త డేవిడ్ బ్రెవిక్ మొదట దీన్ని చదరంగంలా వంతులవారీ ఆటగా తలపెట్టాడు. ఆటను ప్రచురించే బ్లిజార్డ్‌వాళ్లు వంతులు వద్దన్నారు. అతను ఒప్పుకోలేదు, వాదించాడు, చివరికి కూర్చుని కొన్ని గంటల్లోనే మార్చేశాడు. తెర మీద క్లిక్ చేయగానే వీరుడు నడుచుకుంటూ వెళ్లి అస్థిపంజరాన్ని కూల్చాడు. నరుక్కుంటూ ముందుకు పోయే ఇన్ని ఆటలకు దారి చూపింది ఆ ఒక్క దెబ్బేనని నేను నమ్ముతాను.

రెండో అంతస్తు. ఒక గది తలుపు. తీశాం. లోపల ఎర్రగా నెత్తురు, కొయ్యలకు గుచ్చిన శవాలు. మాంసం దొరికిందని సంబరపడే గొంతు ఒకటి వినిపించింది, ఆ వెంటనే కసాయి మన మీద ఉన్నాడు. రెండు దెబ్బలకే ప్రాణం సగానికి పడింది. నడుముపట్టీలో ఎనిమిది సీసాలకే చోటు, మందులు తాగుతూ వెనక్కి నడుస్తున్నాం. అవును, నడుస్తున్నాం! మెట్లు అల్లంత దూరాన ఉన్నాయి. వేగంగా కదలమని మౌస్‌ను ఎంత నొక్కినా మన కత్తివీరుడు వారియర్ అదే అడుగు వేస్తాడు. వాడి కత్తి శబ్దం వీపు మీదే. మెట్టెక్కాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

పరుగు ఉండి ఉంటే ఆ భయం పుట్టేదే కాదు. ఈ ఆట గొప్పదనం అక్కడే ఉందని నా అభిప్రాయం. పైగా ప్రతి కొత్త ఆటకూ గదులూ దారులూ మారిపోతాయి, ఒక్కోసారి కసాయే ఉండడు. కంఠస్థం చేసి గెలవడం కుదరదు.

అదే నడక ఊళ్లో మాత్రం శిక్ష. మంత్రగత్తె ఏడ్రియా గుడిసె ఊరికి దూరంగా ఏటి అవతల ఉంది. ఒక్క మంత్రపు చుట్ట కొనడానికి అంత దూరం ఈడ్చుకుంటూ పోవాలి, రావాలి. అక్కడ దయ్యం లేదు, చీకటి భయం లేదు, ఉత్త కాలయాపన. బంగారం ఇంకో బెడద. సంచిలో మొత్తం 40 గళ్లు. ఐదు వేల నాణేలకు ఒక గడి చొప్పున డబ్బే చోటు తినేస్తుంది. చివరికి నాణేలను ఊరి నేల మీద కుప్పలుగా పోసి పోవాల్సి వస్తుంది.

అయినా ఆ సంచిని మళ్లీ మళ్లీ తెరుస్తాం. ఆనవాలు తెలియని ఉంగరం ఒకటి దొరికింది. కెయిన్ తాతకు వంద నాణేలిస్తే గుట్టు విప్పుతాడు. పనికిమాలినదో, రాత్రంతా నిద్రపోనివ్వనిదో! ఆ క్షణం కోసమే జనం తెల్లవారేదాకా ఆడారు. కత్తి అరిగిపోతుంటే చూసుకోవాలి, పూర్తిగా అరిగితే విరిగి మాయమైపోతుంది. వారియర్ తన కత్తిని తనే బాగుచేసుకోగలడు గానీ చేసుకున్న ప్రతిసారీ దాని మన్నిక కొంత తగ్గుతుంది. ఇలాంటి నష్టాలు ఉండబట్టే దొరికిన వస్తువుకు విలువ.

తొమ్మిదో అంతస్తు నుంచి గుహలు, పదమూడు నుంచి నరకం. ఇక్కడికొచ్చాక నాకు కోపం వస్తుంది. సక్యుబస్ అనే ఆడ పిశాచాలు దగ్గరికి వెళ్తే వెనక్కి జరుగుతాయి, జరిగి అక్కణ్ణుంచి నెత్తుటి మంత్రాలు విసురుతాయి. మాంత్రికులు ఒకచోట మాయమై ఇంకోచోట తేలతారు. పరుగు లేని వారియర్ వాళ్ల వెంట గది గది తిరగాలి. చర్చిలో భయపెట్టిన నడక ఇక్కడ విసిగిస్తుంది. మంత్రాలు నేర్చిన సోర్సరర్‌కు ఈ బాధ తక్కువ, కత్తినే నమ్ముకున్నవాడికి అన్యాయం జరిగింది.

నలుగురు కలిసి ఆడే ఏర్పాటూ ఉంది. అందుకు బ్లిజార్డ్ నడిపిన ఆన్‌లైన్ సేవ బ్యాటిల్‌నెట్ ఉచితం, ఆ రోజుల్లో అది పెద్ద మాట. కానీ వీరుడి వివరాలు ఆడేవాడి కంప్యూటర్‌లోనే దాచేవారు. దాంతో దొంగ కత్తులు, దొంగ బలాలు పుట్టుకొచ్చాయి, నిజాయితీగా ఆడినవాళ్ల కష్టం మంటగలిసింది.

పదహారో అంతస్తు. ఎర్రటి ఒళ్లు, కొమ్ములు. చాలాసేపు పోరాడాక, ఆటకు పేరైన రాక్షసుడు డయాబ్లో కూలాడు. ఆ రాక్షస దేహం కరిగి కుంచించుకుపోతే నేల మీద మిగిలింది ఒక పిల్లవాడు, రాజుగారి కొడుకు ఆల్‌బ్రెక్ట్. మన వీరుడు వాడి నుదుటి నుంచి డయాబ్లో ఆత్మ దాగిన రాయి పెరికి తన నుదుట్లోనే దించుకుంటాడు. గెలిచామన్న కేక గొంతులోనే ఆగిపోతుంది.

మొదటి ఎనిమిది అంతస్తులకు సాటి వచ్చే భయం ఈ తరహా ఆటల్లో నాకు మళ్లీ తగల్లేదు. ఈ ఆట 2019లో గాగ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో తిరిగి అమ్మకానికి వచ్చింది, ఇప్పటి కంప్యూటర్లలోనూ నడుస్తుంది. ఆడాలనుకుంటే ఇంట్లో అందరూ పడుకున్నాక దీపం ఆర్పి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని దిగండి. రెండో అంతస్తులో తలుపు తీసే ముందు మాత్రం సేవ్ చేసుకోండి.