డివిలియర్స్: ఫ్రాన్స్‌లో అరుదైన ఇంటిపేరు సౌతాఫ్రికాలో ఎలా అంతగా పాకింది?

ఇవాళ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క ఇంటిపేరు మీద.

2015 జనవరి 18న జొహానెస్‌బర్గ్‌లో వెస్టిండీస్ మీద ఒకాయన 31 బంతుల్లో వన్డే సెంచరీ కొట్టాడు. పేరు నేను చెప్పక్కర్లేదు. ఏబీ డివిలియర్స్. ఆయన మాతృభాష ఆఫ్రికాన్స్, అంటే డచ్ నుంచి పుట్టిన భాష. కానీ ఆ ఇంటిపేరు మాత్రం డచ్ కాదు, పక్కా ఫ్రెంచ్. ప్రిటోరియాలో ఆయన చదివిన స్కూల్లోనే చదివిన ఫాఫ్ డుప్లెసిస్‌దీ ఫ్రెంచ్ పేరే. హాన్సీ క్రోనే, ఆస్ట్రేలియాకి ఆడే మార్నస్ లబుషేన్... ఈ పేర్ల వేర్లు కూడా ఫ్రాన్స్‌లోనే ఉన్నాయి.

మరి ఫ్రెంచ్ రాని వాళ్లకి ఫ్రెంచ్ ఇంటిపేర్లు ఎలా వచ్చాయి? పైగా ఫ్రాన్స్‌లో అరుదుగా కనబడే పేరు, దాదాపు పదివేల కిలోమీటర్ల దూరంలో ఊరూరా ఎందుకు కనబడుతోంది?

ముందు అర్థం చూద్దాం. ఫ్రెంచ్‌లో దీన్ని దాదాపుగా 'ద విలియే' అని పలుకుతారు. చివర ఉన్న ఆర్, ఎస్ రెండూ సైలెంట్. 'ద' అంటే 'నుంచి'. 'విలియే' లాటిన్ పదం 'విల్లా' కుటుంబంలోది. విల్లా అంటే అప్పట్లో పెద్ద వ్యవసాయ క్షేత్రం. దానికి అనుబంధంగా ఉండే చిన్న పల్లె విలియే. అంటే డివిలియర్స్ అంటే 'పల్లె నుంచి వచ్చినవాడు' అని, అంతే. డుప్లెసిస్ కూడా ఇలాంటిదే. కొమ్మలు అల్లి కట్టిన కంచె ఉన్న చోటుని ప్లెసీ అనేవాళ్లు. మన తెలుగు ఇంటిపేర్లలో సగానికి సగం ఊరిపేర్లే కదా, అదే లాజిక్.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. పేరులో 'ద' ఉంటే జమీందారీ వంశం అనుకుంటారు. అవసరం లేదు. విలియే అనే పల్లెలు ఫ్రాన్స్‌లో బోలెడున్నాయి. పారిస్ చుట్టుపక్కలే విలియే-ల-బెల్, విలియే-సుర్-మార్న్ లాంటివి ఉన్నాయి. ఆ పల్లె నుంచి పక్క ఊరికి వెళ్లి స్థిరపడిన కమ్మరికీ, రైతుకీ కూడా ఇదే పేరు రావచ్చు. అంటే ఒకరితో ఒకరికి ఏ చుట్టరికం లేని కుటుంబాలకి, వేరువేరు చోట్ల, ఒకే పేరు విడివిడిగా పుట్టింది.

ఈ పేర్లు కాగితం మీద గట్టిపడటానికి ఒక రాజాజ్ఞ బాగా పనికొచ్చింది. 1539లో రాజు మొదటి ఫ్రాన్స్వా ఒక ఆర్డినెన్స్ ఇచ్చాడు. చర్చిల్లో బాప్టిజం రిజిస్టర్లు పెట్టాలన్నది అందులో ఒక రూలు. ఆ ఆర్డినెన్స్ మీద సంతకం పెట్టిన ఊరు విలేర్-కొత్రే. గమనించారా? ఆ ఊరి పేరులో ఉన్నదీ మన 'విలియే' పదమే.

ఇప్పుడు సీన్ 17వ శతాబ్దానికి వెళ్దాం. ఫ్రాన్స్ క్యాథలిక్ దేశం. అందులో ప్రొటెస్టెంట్లు మైనారిటీ, వాళ్లని హ్యూగెనాట్లు అంటారు. 1598లో నాలుగో హెన్రీ నాంట్ శాసనం ఇచ్చి వాళ్ల మతానికి కొంత రక్షణ కల్పించాడు. 1685 అక్టోబర్‌లో పద్నాలుగో లూయీ దాన్ని రద్దు చేసేశాడు. ప్రొటెస్టెంట్ చర్చిలు కూలగొట్టమన్నాడు, పాస్టర్లని దేశం వదిలి పొమ్మన్నాడు. మామూలు జనం మాత్రం దేశం దాటకూడదు, దాటుతూ దొరికితే మగవాళ్లకి ఓడల్లో తెడ్లు వేసే శిక్ష. అయినా దాదాపు రెండు లక్షల మంది తప్పించుకుని హాలండ్, ఇంగ్లండ్, జర్మన్ రాజ్యాలకి పారిపోయారని అంచనా.

ఉండిపోయిన వాళ్లు క్యాథలిక్‌లుగా మారాలి, లేదా రహస్యంగా బతకాలి. 1787 దాకా ప్రొటెస్టెంట్ పెళ్లికి అక్కడ చట్టబద్ధమైన గుర్తింపే లేదు. పెళ్లి రికార్డు లేకపోతే పుట్టిన పిల్లలకి ఆ ఇంటిపేరు మీద హక్కు కూడా అనుమానమే. ఒక పేరు ఎంతకాలం బతుకుతుందనేది రక్తం ఒక్కదాని మీదే ఆధారపడదు. దాన్ని ఏ రిజిస్టర్లో రాశారు, అసలు రాశారా లేదా అన్నది కూడా లెక్కే. ఈ పాయింట్ గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

అదే టైంలో డచ్ ఈస్టిండియా కంపెనీకి ఒక అవసరం పడింది. ఆఫ్రికా దక్షిణపు కొసన కేప్ దగ్గర 1652లో వాళ్లు ఒక స్థావరం పెట్టారు. ఆసియాకి వెళ్లే ఓడలకి నీళ్లు, కూరగాయలు, మాంసం, వైన్ అక్కడ దొరకాలి. దానికి రైతులు కావాలి, మరీ ముఖ్యంగా ద్రాక్ష తోటల పని తెలిసినవాళ్లు కావాలి. హాలండ్‌లో తలదాచుకున్న ఫ్రెంచ్ శరణార్థుల్లో అలాంటివాళ్లు దొరికారు. ముఖ్యంగా 1688, 1689 సంవత్సరాల్లో వాళ్లు కేప్‌కి చేరారు. అందరినీ కలిపినా రెండు వందలకి అటూ ఇటూనే.

వాళ్లలో ముగ్గురు అన్నదమ్ములు: పియెర్, అబ్రహాం, జాక్ ద విలియే. ఫ్రాన్స్ పశ్చిమ తీరంలోని లా రొషెల్ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు. 1688 డిసెంబర్‌లో కంపెనీ డెల్ఫ్ట్ ఆఫీసు కేప్‌కి రాసిన లేఖలో వీళ్ల ప్రస్తావన ఉంది. ఈ ముగ్గురికీ ద్రాక్ష తోటలు వెయ్యడం, చూసుకోవడం బాగా తెలుసు, వీళ్లకి సాయం చెయ్యండి అని సిఫార్సు. ఇప్పటి భాషలో ఒక రిఫరల్ అన్నమాట. జియోన్ అనే ఓడలో వచ్చి 1689 మే నెలలో దిగారు. ఏబీ పేరులో 'ఏ' అంటే కూడా అబ్రహామే, సరదాకి చెప్తున్నా.

కేప్‌లో వాళ్లకి భూములు దొరికాయి. ఆ లోయకి తర్వాత ఫ్రాన్స్‌హుక్, అంటే 'ఫ్రెంచివాళ్ల మూల' అని పేరొచ్చింది. అన్నదమ్ముల తోటల పేర్లు బుర్గోన్, షాంపేన్, లా బ్రీ. మూడూ ఫ్రాన్స్ ప్రాంతాల పేర్లే. ఇక్కడో మాట చెప్పి తీరాలి. అదేం ఖాళీ భూమి కాదు. పశువులు మేపుకుని బతికే ఖోయ్‌ఖోయ్ ప్రజలు తరతరాలుగా తిరిగిన నేల అది. దాన్ని కంపెనీ తనదిగా చేసుకుని పంచింది.

భాష సంగతేంటి? ఫ్రెంచివాళ్లంతా ఒక్క చోట గుంపుగా ఉండకుండా, డచ్ రైతుల మధ్య కలిపి భూములిచ్చారు. 1701లో కంపెనీ ఇంకో అడుగు వేసింది. కొత్తగా వచ్చే పాస్టర్ డచ్‌లోనే ప్రసంగించాలి, పిల్లలకి డచ్‌లోనే చదువు అంది. 18వ శతాబ్దం మధ్యకి వచ్చేసరికి ఫ్రెంచ్ వయసు మళ్లినవాళ్ల నోట్లోనే మిగిలింది. అంటే రెండు తరాల్లో భాష పోయింది, పేరు మిగిలింది. అదీ అందరిదీ యథాతథంగా మిగల్లేదు. క్రోనియే కాస్తా క్రోనే అయింది. విలియోన్ అనే పేరు విల్యున్‌గా మారింది. రెతీఫ్ రిటీఫ్ అయింది, పినార్ పీనార్ అయింది. డచ్ గుమాస్తా చెవికి ఏది వినబడితే అదే స్పెల్లింగ్. డివిలియర్స్ స్పెల్లింగ్ మాత్రం పెద్దగా చెక్కుచెదరలేదు.

ఇప్పుడు కొంచెం లెక్క. కంగారు పడకండి, చిన్నదే. ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి వెళ్తుందనుకుంటే, ఒక తరంలో కొడుకులు లేకపోతే ఆ లైన్ అక్కడితో ఆగిపోతుంది. మగ సంతానం సగటు ఒకటి దగ్గరే ఉంటే, చాలా పేర్లు కాలక్రమంలో అంతరించిపోతాయి. దీన్ని ఫ్రెంచ్ గణితవేత్త బియనైమే 1845లోనే గమనించాడు. తర్వాత 1870ల్లో ఇంగ్లండ్‌లో గాల్టన్, వాట్సన్ దీని మీద పనిచేశారు. ఇప్పటికీ ఆ మోడల్ వాళ్ల పేరు మీదే ఉంది.

ఇప్పుడు ముగ్గురు అన్నదమ్ములతో మొదలుపెట్టి పది తరాలు నడపండి. ప్రతి ఒక్కరికీ పెళ్లీడుకొచ్చే కొడుకులు ఇద్దరైతే, పదో తరంలో 3,072 మంది. అదే ముగ్గురైతే 1,77,147 మంది. ఒక్క కొడుకు తేడా, ఫలితం యాభై రెట్లకి పైగా! నిజ జీవితం ఇంత నీట్‌గా ఉండదు, ఇది ఊహాలెక్కే. కానీ కేప్‌లో జరిగిందేంటో దీన్ని బట్టి అర్థమవుతుంది. భూమి పుష్కలం, పెళ్లిళ్లు చిన్న వయసులో, కుటుంబాలు పెద్దవి. పైగా వీళ్లొచ్చేనాటికి అక్కడ స్థిరపడ్డ యూరోపియన్ల సంఖ్య వందల్లోనే. ముందొచ్చిన కొద్దిమంది పేర్లే తర్వాత జనాభా అంతటా పాకుతాయి. జన్యుశాస్త్రంలో దీన్ని ఫౌండర్ ఎఫెక్ట్ అంటారు.

ఇవాళ్టి మ్యాప్ చూస్తే ఆ ఫలితం కనబడుతుంది. వెస్టర్న్ కేప్‌లో విలియర్స్‌డోర్ప్ అనే ఊరే ఉంది. 1910లో యూనియన్ ఆఫ్ సౌతాఫ్రికా ఏర్పడ్డప్పుడు మొదటి చీఫ్ జస్టిస్ జాన్ హెన్రీ డివిలియర్స్. 2009 డాకర్ ర్యాలీ గెలిచింది గినీల్ డివిలియర్స్. బౌలర్ ఫానీ డివిలియర్స్ సంగతి మీ నాన్నగారిని అడగండి, 1994 సిడ్నీ టెస్టు కథ చెప్తారు. ఫ్రాన్స్‌లో మాత్రం ఈ పేరుతో జనానికి తెలిసినవాళ్లు కొద్దిమందే. రాజకీయ నాయకుడు ఫిలిప్ ద విలియే ఉన్నాడు. ఆయన అసలు పూర్తి ఇంటిపేరు ల జోలీ ద విలియే. అంటే అక్కడ అది ఒక పొడవాటి పేరుకి తోక.

ఇంకో డివిలియర్స్ గురించి కూడా చెప్పాలి. పీటర్ డివిలియర్స్. 2008లో సౌతాఫ్రికా రగ్బీ జట్టుకి కోచ్ అయ్యాడు, ఆ పదవిలో మొట్టమొదటి నల్లజాతి కోచ్. పుట్టింది పార్ల్‌లో, ఫ్రాన్స్‌హుక్ పక్కనే. అపార్థైడ్ ప్రభుత్వం 1950 చట్టంతో జనాన్ని జాతుల వారీగా రిజిస్టర్ చేసింది. ఏబీ లాంటి కుటుంబాలు 'వైట్' గడిలోకి, పీటర్ లాంటి కుటుంబాలు 'కలర్డ్' గడిలోకి వెళ్లాయి. ఓటు వేరు, బడి వేరు, ఉండే వీధి వేరు. ఇంటిపేరు మాత్రం అదే. కేప్‌లో యూరోపియన్ ఇంటిపేర్లు ఇలా పాకడానికి దారులు చాలా ఉన్నాయి. కొన్ని చోట్ల పెళ్లి, కొన్ని చోట్ల పెళ్లి లేని సంబంధం, కొన్ని చోట్ల బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లు యజమాని పేరు తీసుకోవడం.

అవును, బానిసత్వం. ఆ తోటల్లో చాకిరీ చేసింది ఎవరనుకుంటున్నారు? 1650ల నుంచి 1808 దాకా కేప్‌కి అరవై వేలకి పైగా బానిసల్ని తెచ్చారని చరిత్రకారుల లెక్క. వాళ్లలో ఇంచుమించు పావు వంతు మంది మన ఉపఖండం నుంచే. బెంగాల్, మలబార్, కోరమాండల్ తీరాల నుంచి. అదే డచ్ కంపెనీకి మచిలీపట్నం, నిజాంపట్నం, పులికాట్, భీమిలిలో వ్యాపార స్థావరాలు ఉండేవి. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు ఇప్పటికీ చూడొచ్చు. కరువొచ్చినప్పుడు కోరమాండల్ రేవుల్లో మనుషుల్ని కొని ఓడెక్కించేవాళ్లు.

ఓడ దిగాక వాళ్ల పేర్లు ఏమయ్యాయి? అసలు పేరు తీసేసి ఒక కొత్త పేరు పెట్టేవాళ్లు. దాని వెనక 'వాన్ బెంగాలెన్', 'వాన్ కోరమాండల్' అని తగిలించేవాళ్లు. 'వాన్' అంటే డచ్‌లో 'నుంచి'. డివిలియర్స్‌లో ఉన్న 'ద'కి అర్థం ఏంటి? అదే, 'నుంచి'. రెండు పేర్ల గ్రామర్ ఒకటే. ఒకటి భూమి పట్టాలో ఎక్కింది, చర్చి రిజిస్టర్లో ఎక్కింది, కొడుకులకి వెళ్లింది. రెండోది అమ్మకం పత్రంలో ఎక్కింది. తల్లి బానిస అయితే బిడ్డా బానిసే కాబట్టి, బిడ్డకి 'వాన్ డె కాప్', అంటే 'కేప్‌లో పుట్టినది' అని రాశారు. కోరమాండల్ అన్న మాట ఒక్క తరంలో చెరిగిపోయింది. ఇంకొందరికి ఓ నెల పేరు తగిలించారు. ఫిబ్రవరి, సెప్టెంబర్ అనే ఇంటిపేర్లు ఈరోజుకీ కేప్‌టౌన్‌లో ఉన్నాయి.

ఆ మనుషులు మాత్రం చెరిగిపోలేదు. బెంగాల్ నుంచి బానిసగా వచ్చిన ఏంజెలా అనే ఆవిడ 1666లో స్వేచ్ఛ పొందింది, తర్వాత ఆర్నోల్డస్ బాసన్ అనే అతన్ని పెళ్లి చేసుకుంది. ఇవాళ ఎన్నో ఆఫ్రికానర్ కుటుంబాల వంశవృక్షాల్లో ఆవిడ ఉంది. పిల్లలకి వెళ్లిన ఇంటిపేరు మాత్రం ఆవిడది కాదు.

కాబట్టి డివిలియర్స్ అనే పేరు ఇంతగా విస్తరించిందంటే, ఆ రక్తంలో ఏదో గొప్పదనం ఉందని కాదు. ముందుగా వెళ్లారు, భూమి దొరికింది, పేరు సరైన రిజిస్టర్లో పడింది. ఈ మూడూ కుదిరితే ముగ్గురు చాలు. మూడోది కుదరకపోతే వేలమంది వెళ్లినా పేరు మిగలదు.

ఈసారి మీ ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చున్నప్పుడు మీ ఇంటిపేరు ఏ ఊరిదో అడగండి. దాంతోపాటు మీ అమ్మమ్మ పుట్టింటి పేరు, ఆవిడ అమ్మ పుట్టింటి పేరు కూడా అడిగి ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకోండి. ఆ పేర్లు ఏ కార్డు మీదా ఉండవు, అడగాల్సింది మనమే. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.