దుబ్బు పాయ తీసి చూడండి

గట్టు దిగండి. పైనుంచి చూస్తే ఈ సాంబమసూరి చేను బాగానే ఉంది. ఇప్పుడిప్పుడే వెన్నులు తీస్తోంది, ఆకు పచ్చగా ఉంది. అక్టోబరు నెల, మార్టేరు దగ్గర ఒక మడి. దారిన పోయేవాళ్ళు దీన్ని చూసి ఏ తేడా లేదంటారు. మీరు కీటకశాస్త్రం చదివారు కాబట్టి వంగుతారు. మీరు వెతికే సుడిదోమ ఆకు మీద దొరకదు. నీటికి కాస్త పైన, దుబ్బు మొదట్లో, ఎండ పడనిచోట కూర్చుంటుంది.

రెండు చేతులతో దుబ్బులు పాయ తీయండి. లోపలి నుంచి ఉక్క ముఖానికి కొడుతుంది. అరచేత్తో ఒక దుబ్బును రెండుసార్లు తట్టండి. గోధుమరంగు పురుగులు నీళ్ళలో రాలి, చటుక్కున గెంతి మళ్ళీ దుబ్బెక్కుతాయి. బియ్యపు గింజంత కూడా లేవు. త్వరగా లెక్కపెట్టండి. తొమ్మిది. పన్నెండు. పద్నాలుగు.

ఒకదాన్ని భూతద్దంలో చూడండి. పొట్ట ఉబ్బి ఉంది, రెక్కలు సగంలోనే ఆగాయి. ఇది పొట్టి రెక్కల ఆడదోమ. ఎగరలేదు, ఎగరాల్సిన పనీ లేదు. ఆకుతొడిమను చీల్చి అందులోనే గుడ్లు దాస్తుంది, బతికినన్నాళ్ళలో రెండు మూడు వందలు. ఆ గుడ్లు పెద్ద దోమలవడానికి నెల కూడా పట్టదు.

"దోమ పడిపోయిందండి బాబూ. డబ్బా తెచ్చే ఉంచానండి, కొట్టేమంటారా?"

గట్టు మీద రైతు. చేతిలో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందు. మూత ఇంకా తీయలేదు.

"ఒక్క నిమిషం ఆగండి బాబాయ్."

ఇప్పుడు రెండో లెక్క. నిజానికి ఇదే అసలు లెక్క, చాలామంది చేయనిదీ ఇదే. నీటి మీద ఏదో పరిగెత్తింది. సాలీడు. దాని నోట్లో దోమ పిల్ల. పక్క పిలక మీద సన్నటి ఆకుపచ్చ నల్లి ముట్టె దించి దోమగుడ్లు పీలుస్తోంది. పిలకలు లెక్కపెట్టండి, పన్నెండు ఉన్నాయి. పిలకకు ఒక దోమ దాటితే మందు కొట్టాలి. దుబ్బుకు ఒక సాలీడు ఉంటే మాత్రం పిలకకు రెండు దోమల దాకా ఓపిక పట్టొచ్చు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే హద్దు ఇది. మడి నాలుగు మూలలా, మధ్యలో తట్టి చూస్తారు. పది, పదహారు, పదకొండు. దాదాపు ప్రతి దుబ్బులో సాలీడు ఉంది.

"సాలీళ్ళు ఆపుతాయంటారా అండి?"

ఆయన అనుమానం న్యాయమైనదే. 1970ల చివర్లో ఫిలిప్పీన్స్ వరిమళ్ళలో పీటర్ కెన్‌మోర్ అనే అమెరికా శాస్త్రవేత్త మీలాగే వంగి లెక్కపెట్టాడు. మందు కొట్టిన మళ్ళలోనే దోమ ఎగబడింది. మందుకు సాలీళ్ళు చచ్చాయి, తొడిమలో దాగిన దోమగుడ్లు బతికాయి. 1986లో ఇండోనేషియా ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందుల్ని నిషేధించింది. పంటను కాపాడడానికే మందులు ఆపిన దేశం అది. అయినా మన కొట్ల బల్లల మీద అలాంటి డబ్బాలు దర్జాగా కూర్చునే ఉన్నాయి.

"పక్క మడి ఎవరిది బాబాయ్?"

"మా తమ్ముడిదండి. పది రోజుల కిందట ఇదే మందు కొట్టాడండి."

గట్టు దాటండి. నాలుగడుగులు వేసేసరికే కాళ్ళకు జిగురు అంటుతుంది. దోమలు వదిలిన తీపి జిగురు అది. దాని మీద నల్లటి బూజు. పాయ తీయండి. పిలక కనబడదు. అన్నీ దోమలే. తట్టక ముందే ఎగురుతున్నాయి. చొక్కా మీద. మెడ మీద. చెవిలో. లెక్క కుదరదు. సాలీడు కోసం చూడండి. లేదు. ఇంకో దుబ్బు. లేదు. ముందు పసుపు మచ్చ. గుండ్రంగా. మంచమంత. నడుమ గడ్డి రంగు. పిలక పట్టుకోండి. విరిగింది. మళ్ళీ భూతద్దం. పొడుగు రెక్కలు.

తిండి అయిపోతోందని తెలిసి ఎగరడానికి తయారైన దోమలివి. గాలి అన్న మడి వైపే ఉంది.

ఇక్కడ ఓపిక పనికిరాదు. మడవ తీసి నీళ్ళు వదలమనండి. రెండు మీటర్లకొక పాయ తీయించండి, మొదలుకు గాలి ఆడాలి. పైమెట్రోజిన్ లీటరు నీటికి 0.6 గ్రాములు. పైపైన కాదు, గొట్టం వంచి దుబ్బు మొదలు తడిసేలా. అన్న మడికి మాత్రం నీళ్ళు తీసేస్తే ప్రస్తుతానికి చాలు.

రైతు పైరిథ్రాయిడ్ డబ్బా వైపు చూసుకుంటాడు. కొట్టువాడు వెనక్కి తీసుకుంటాడా అని అడుగుతాడు. మూత తీయలేదుగా, అడిగి చూడండి అనండి.

ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పాలి. పైమెట్రోజిన్‌కు దోమ వెంటనే రాలిపోదు. రసం పీల్చడం మానేసి, ఆకలితో కొన్ని రోజులకు చస్తుంది. రేపు పొద్దున తమ్ముడు వచ్చి తడితే అన్నీ బతికే కనిపిస్తాయి. మందు పని చేయలేదని అప్పుడే ఇంకో డబ్బాకు పరిగెత్తుతాడు.

"మీ తమ్ముడి నంబరు చెప్పండి బాబాయ్."