గెలుపు కోసం దాచిన రాయి

లండన్‌లోని బకింగ్‌హామ్ రాజభవనం తోటలో ఓ పాలరాతి కలశం ఉంది. ఎత్తు 15 అడుగులు, బరువు 20 టన్నుల దాకా. దాన్ని వాటర్లూ కలశం అంటారు. పేరు వినగానే కథ ఎక్కడ ముగుస్తుందో తెలిసిపోతుంది. గెలవబోయే యుద్ధాలకు గుర్తుగా నిలవాలని నెపోలియన్ కోసం ఎంచిన రాయి అది. ఇవాళ దాని మీద ఉన్నది గుర్రం పోయి నేల మీద మిగిలిన నెపోలియన్.

ఆ రాయి పుట్టిల్లు ఇటలీలోని కరారా. రోమన్ల కాలం నుంచీ తెల్లరాయికి పేరుమోసిన కొండలవి. 1806లో ఆ గనులు నెపోలియన్ చెల్లెలు ఎలీసా చేతికి వచ్చాయి. మూడేళ్లకు ఆమె తస్కనీకే ఏలిక అయింది. కరారా శిల్పులు ఆమె అన్న ముఖాన్ని మళ్లీ మళ్లీ చెక్కి ఊరూరికీ పంపేవారు. గ్రీకు, రోమన్ రూపాలంటే ఐరోపా పరవశించిన రోజులవి. 1807లో నెపోలియన్ మరో చెల్లెలి భర్త దగ్గర బోర్ఘేసె వంశం వారి ప్రాచీన శిల్పాలను కొన్నాడు. వాటిలో క్రీస్తుపూర్వం నాటి కలశం ఒకటుంది. దాని చుట్టూ యుద్ధం లేదు. పాట ఉంది, ఆట ఉంది, ద్రాక్షాసవం ఉంది. మత్తులో తూలిపోతున్న గ్రీకు పురాణాల ముసలి సైలీనస్ ఉన్నాడు. అతను పడిపోకుండా పక్కవాడొకడు ఒడిసిపట్టుకున్నాడు. పడబోయేవాడికి ఒక చేయి అందిన ఆ దృశ్యం నెపోలియన్ సొంత ఆస్తి. దాన్ని ఆయన ఎప్పుడైనా ఆగి చూసి ఉంటే!

ఎందుకంటే ఆయన వైపు కూడా చేతులు చాచినవారు ఉన్నారు.

మొదటివాడు కొలాంకూర్. రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నెపోలియన్ రాయబారిగా ఉండి, 1811లో తిరిగి వచ్చి, ప్రభువు ఎదుట గంటల తరబడి మొత్తుకున్నాడు. రష్యా లొంగదు, వెనక్కి వెనక్కి జరుగుతుంది, చివరికి చలి తన పని తాను చేస్తుంది అన్నాడు. నెపోలియన్ విన్నాడు. విని ఊరుకున్నాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు నవ్వుతారు. రాని గెలుపుకు రాయి సిద్ధమైన ఈ కథలో ఆ నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. 1812 జూన్ 24న ఆయన సేన నీమెన్ నది దాటింది. ఆ దండయాత్రకు కదిలినవారు మొత్తం ఆరు లక్షల మంది దాకా. సెప్టెంబరు 14న మాస్కో చేరితే ఊరు తగలబడింది. జార్ నుంచి సంధి మాట వస్తుందని ఐదు వారాలు ఎదురుచూశాడు. రాలేదు. మంచు వచ్చింది. డిసెంబరులో సేనను వదిలి పారిస్‌కు పరుగెత్తిన బండిలో ఆయన పక్కన కూర్చున్నది ఆ కొలాంకూరే.

రెండో చేయి స్నేహితుడిది కాదు. అయినా చేయే. 1813 జూన్ 26న డ్రెస్డెన్‌లో ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్ సంధి షరతులతో వచ్చాడు. ఆస్ట్రియా అంటే నెపోలియన్‌కు పిల్లనిచ్చిన ఇల్లు. కొన్ని నేలలు వదులుకుంటే సింహాసనం నిలిచేది. మాటల మధ్య చక్రవర్తి కోపంతో టోపీ నేలకు విసిరాడనీ, తాను వంగి తీయలేదనీ మెటర్నిక్ రాసుకున్నాడు. ఆగస్టులో మామగారు శత్రువులతో కలిశాడు. అక్టోబరులో లైప్‌జిగ్‌లో ఓటమి. నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మరో కబురు: రైన్ నది, ఆల్ప్స్, పిరనీస్ హద్దులుగా ఫ్రాన్స్‌ను ఉంచుకోవచ్చు. సూటిగా సరేననడానికి మనసు రాలేదు. వచ్చేసరికి ఆ మాటకు కాలం చెల్లింది. 1814 ఏప్రిల్‌లో కిరీటం దిగింది. కరారా కూడా చేజారింది.

ప్రవాసం పంపిన ఎల్బా దీవిలో ఆగిపోయినా కథ ఇంత చేదుగా ఉండేది కాదు. 1815 మార్చిలో తిరిగొచ్చాడు. జూన్ 18న వాటర్లూ. ముందు రాత్రంతా వాన. నేల ఆరాలని పొద్దున్న ఆగారు; ఫిరంగులు పేలేసరికి మధ్యాహ్నం కావస్తోంది. దూరంగా ఆయన సేనాధిపతి గ్రూషీ దగ్గర 30 వేలకు పైగా సైన్యం ఉంది. ఆ మోత విని సేనాని జెరార్ బతిమాలాడు: మోత వినపడే వైపు వెళ్దాం పదండి. గ్రూషీ తనకిచ్చిన ఆజ్ఞనే పట్టుకున్నాడు. అదే చివరి చేయి. అదీ అందలేదు. ప్రష్యా సేన ముందు చేరింది. సాయంత్రానికి అంతా అయిపోయింది.

పాలరాయి మిగిలింది. తస్కనీకి తిరిగొచ్చిన మూడో ఫెర్డినాండ్ దాన్ని అసంపూర్ణంగానే ఇంగ్లండ్ యువరాజుకు కానుకగా పంపాడు. రోమ్‌లో శిల్పి కనోవా దగ్గర పని నేర్చిన రిచర్డ్ వెస్ట్‌మకాట్ ఉలి పట్టాడు. అటు సింహాసనం మీద బ్రిటన్ రాజు, ఇటు గుర్రం లేని చక్రవర్తి. విండ్సర్ కోటలో వాటర్లూ పేరిట కట్టే గదిలో నిలపాలనుకున్నారు. ఆ నేల దాని బరువు మోయలేనంది. 1836లో నాలుగో విలియం దాన్ని నేషనల్ గ్యాలరీకి ఇచ్చేశాడు. చిత్రపటాల మధ్య అది పరాయిగా ఉండిపోయింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గ్యాలరీ తిప్పి పంపేస్తే, ఏడో ఎడ్వర్డ్ తోటలో పెట్టించాడు. ఓడినవాడికి దక్కని రాయి గెలిచినవాడి ఇంట్లోనూ ఇమడలేదు.

ఇంతటితో దుఃఖం తీరిందా? 1822లో లండన్ పత్రికల్లో ఓ వార్త వచ్చింది. లైప్‌జిగ్, వాటర్లూ వంటి రణభూముల నుంచి మనుషులవీ గుర్రాలవీ ఎముకలు హల్ రేవులో దిగుతున్నాయని, వాటిని పిండి పట్టి పొలాలకు ఎరువుగా అమ్ముతున్నారని. వాటర్లూ ఒక్కరోజులో చనిపోయినవారు, గాయపడినవారు 40 వేలకు పైనే. వారి కోసం ముందుగా ఎవరూ పాలరాయి ఎంచి దాచలేదు. చక్రవర్తిని ఒడిసిపట్టుకోవాలని చేతులు చాచినవారు కొందరైనా ఉన్నారు. ఆయన వాటిని విదిలించుకున్న ప్రతిసారీ కూలింది ఈ పేరులేనివాళ్లు. కన్నీరు పెట్టాలంటే ముందు వీళ్లకు పెడదాం. ఆ తర్వాత మిగిలితే, ఆయనకు.