తూము నుండి పోర్టు దాకా: నీటి సరఫరాలో పీఎల్‌సీ అనుసంధానాల నిర్వహణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: నీటి పథకాల్లో పంపులను, వాల్వులను నడిపే పీఎల్‌సీ ఒకేసారి పరిమిత సంఖ్యలోనే అనుసంధానాలను భరించగలదు. ఆ పరిమితిని నిర్వహించే పద్ధతులు కాలక్రమంలో ఎట్లా మారాయో అనంతపురం కరవుసీమ నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: నల్లమాడ, నీరుగంటి, పీఎల్‌సీ, మోడ్‌బస్, అనుసంధానం, తాగునీరు.

1. ఉపోద్ఘాతం

పూర్వపు అనంతపురం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీసత్యసాయి జిల్లాలో భాగమైన నల్లమాడ మండలం వర్షాభావ పీఠభూమిలోనిది. ఈ సీమలో పూర్వం వ్యవసాయానికి చెరువు ముఖ్య ఆధారంగా ఉండేది. తూము తెరచి, ఆయకట్టుకు వంతులవారీగా నీరు పారించి, తిరిగి తూము మూసే బాధ్యత నీరుగంటిదిగా ఉండేది.

బోర్లు అడుగంటిన చోట, భూగర్భజలం ఫ్లోరైడ్‌తోనో ఉప్పదనంతోనో పాడైన చోట తాగునీటిని దూరం నుండి గొట్టాల ద్వారా తేవలసివచ్చింది. శ్రీసత్యసాయి తాగునీటి పథకం జిల్లాలోని 731 గ్రామాలకు, కొన్ని పట్టణాలకు సుమారు 18 నెలల్లో నీటి వసతి కల్పించిందని తొమ్మిదవ పంచవర్ష ప్రణాళిక పేర్కొన్నది. ఇటువంటి పథకాల్లో పంపు ఒకచోట, నీటి ట్యాంకు మరొకచోట ఉంటాయి. ట్యాంకు నిండిన సంగతి పంపుకు చేరకపోతే నీరు పొర్లిపోతుంది. ఖాళీ అయిన సంగతి చేరకపోతే ఊరు దాహంతో ఉంటుంది. ఇటువంటి సమాచారాన్ని అందుకొని యంత్రాలను నడపడానికి ఆధునిక పరిశ్రమ ఎంచుకున్న సాధనం ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్, సంక్షిప్తంగా పీఎల్‌సీ. దాని పుట్టుక మాత్రం నీటిరంగంలో జరగలేదు.

2. అడిగేవాడు ఒక్కడైన కాలం

1968లో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ తన కార్ల కర్మాగారంలోని రిలే పెట్టెలకు ప్రత్యామ్నాయం కోరింది. డిక్ మోర్లీ బృందం రూపొందించిన ‘మోడికాన్ 084’ ఆ అవసరాన్ని తీర్చింది. మోడికాన్ సంస్థే 1979లో ‘మోడ్‌బస్’ అనే సంభాషణా నియమావళిని వెలువరించింది. దాని ప్రకారం తీగపై అడిగే పరికరం ఒక్కటే. తక్కినవి అడిగినప్పుడు మాత్రమే బదులిస్తాయి. వాటికి 1 నుండి 247 వరకు చిరునామాలు కేటాయించవచ్చు. వంతు తప్పే అవకాశం లేనందున అనుసంధానాల నిర్వహణ సమస్యగా పరిణమించలేదు.

3. అడిగేవారు పెరిగిన కాలం

1999లో మోడ్‌బస్ ఈథర్‌నెట్‌పైకి వచ్చింది. దానికి 502వ పోర్టు కేటాయింపయింది. కంట్రోలు గది తెర, లెక్కలు భద్రపరచే కంప్యూటరు, ఇంజనీరు ల్యాప్‌టాప్, పక్క కేంద్రంలోని పీఎల్‌సీ వేర్వేరుగా అనుసంధానం కోరసాగాయి. ప్రతి అనుసంధానం కొంత మెమొరీని ఆక్రమిస్తుంది గనుక వాటి సంఖ్యకు హద్దు తప్పదు.

అసలు చిక్కు తెగిపోయిన అనుసంధానాలతో వచ్చింది. కరెంటు పోయో కేబులు తెగో అవతలి యంత్రం చెప్పకుండా నిష్క్రమిస్తే, ఇవతలి పీఎల్‌సీ అది ఇంకా ఉన్నదనే భావిస్తుంది. అవతలి వైపు సజీవంగా ఉన్నదో లేదో విచారించే సదుపాయం టీసీపీలో ఉన్నా, 1989 నాటి ఇంటర్నెట్ ప్రమాణం దానిని ముందుగా ఆపివుంచాలనీ, విచారణల మధ్య ముందస్తు వ్యవధి రెండు గంటలకు తగ్గరాదనీ నిర్దేశించింది. ఈలోగా మృత అనుసంధానాలు చోటు ఆక్రమిస్తే కొత్తగా తెరిచిన తెరకు ప్రవేశం దొరకదు. పంపు నడుస్తూనే ఉంటుంది. దానిని చూసే కన్ను మాత్రం ఉండదు.

దీనికి పరిష్కారంగా 2006 నాటి మోడ్‌బస్ టీసీపీ అమలు మార్గదర్శిక అనుసంధానాలను రెండు వర్గాలుగా విభజించింది. ప్రాధాన్య వర్గంలోని వాటిని పరికరం తనంతట తాను మూయదు. సాధారణ వర్గం నిండినప్పుడు పాతదానిని మూసి కొత్తదానికి చోటిస్తుంది. ప్రతి ప్రశ్నకూ కొత్త అనుసంధానం తెరవక, ఉన్నదానినే కొనసాగించాలని కూడా సూచించింది. తెరవడంతో సమానంగా మూయడమూ కర్తవ్యమే అన్నది ఇందులోని సారం. నీరుగంటి వృత్తిధర్మమూ ఇదే.

4. గుర్తింపు సమస్య

ఈ పోలిక ఒకచోట ఆగిపోతుంది. నీరుగంటికి ఆయకట్టు రైతులు ముఖపరిచితులు. మూల మోడ్‌బస్‌కు అడిగేది ఎవరో విచారించే ఏర్పాటు లేదు. ఏ నియమావళి వాడినా ఈ గుర్తింపు బలహీనపడితే ప్రమాదమెంతో నీటిరంగ చరిత్రే చూపింది. 2000లో ఆస్ట్రేలియాలోని మరూచీ ప్రాంతంలో గుత్తేదారు సంస్థ మాజీ ఉద్యోగి ఒకడు రేడియో ద్వారా మురుగునీటి కేంద్రాలకు ఆదేశాలు పంపగా, సుమారు 8 లక్షల లీటర్ల మురుగు బయటికి పారింది. 2023 నవంబరులో అమెరికాలోని అలిక్విపా నీటి సరఫరా కేంద్రంలో ఒక పీఎల్‌సీ బయటివారి వశమైంది; సిబ్బంది చేతితో నడిపే పద్ధతికి మారారు. బలహీనమైన పాస్‌వర్డు, ఇంటర్నెట్‌కు తెరిచివుంచడం అందుకు కారణాలై ఉండవచ్చునని అక్కడి ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ భావించింది. ఈ రెండు ఘటనల మధ్యకాలంలో, 2018లో, ధ్రువపత్రాలతో ఇరువైపులా గుర్తింపు కోరే సురక్షిత మోడ్‌బస్ వెలువడింది. అయితే పాత పరికరాలున్న చోట ప్రమాణం వెలువడినంత మాత్రాన రక్షణ చేకూరదు.

5. ముగింపు

పై పరిశీలన వల్ల తేలేది: పీఎల్‌సీ అనుసంధానం నీటివలెనే పరిమిత వనరు. అడిగేవాడు ఒక్కడైనప్పుడు వంతు చాలింది; పలువురైనప్పుడు ప్రాధాన్యమూ కాలపరిమితీ అవసరమయ్యాయి; అపరిచితులు చేరగలిగినప్పుడు గుర్తింపు అనివార్యమైంది. నల్లమాడ వంటి ప్రాంతంలో ఒక పూట నీరు తప్పితే ప్రత్యామ్నాయం సులభం కాదు. కనుక పంపు సామర్థ్యాన్ని నమోదు చేసినట్లే, ఎవరికి అనుసంధానం ఉన్నది, ఎవరిది ఎన్నడూ తెగరాదు, ఎవరిది ఎప్పుడు మూయాలి అన్న వివరాలనూ పథక నిర్వహణ దస్త్రాల్లో నమోదు చేయడం సముచితం.