సూరతు సీమ నుండి వెండితెరకు

సూరతన్నంతనే మనకు జరీయు, పట్టువస్త్రములును, ఆంగ్లేయుల వర్తకశాలయు స్ఫురించును. ఆ నగర సమీపముననే సచిన్ అను చిన్న సంస్థాన ముండెడిది. ఆ నవాబు పేరుతో ముడివడిన ఫాత్మా బేగమే భారతదేశపు తొలి చలనచిత్ర దర్శకురాలు. ఆమె పుత్రిక జుబేదా 1911లో సూరతునందే జన్మించెను.

1913 నాటి 'రాజా హరిశ్చంద్ర'లో తారామతి వేషము ధరించినది సాలుంకే యను పురుషుడు! స్త్రీలు తెరపై కనుపించుటయే తప్పనుకొను ఆ కాలము ఇంకను గడవకమునుపే, 1922లో ఫాత్మా 'వీర అభిమన్యు' మూకచిత్రమున నటించెను. నటనతో ఆమె తృప్తి నొందలేదు. 1926లో ఫాత్మా ఫిల్మ్స్ సంస్థను నెలకొల్పి 'బుల్‌బులే పరిస్తాన్' అను అద్భుతగాథకు తానే దర్శకత్వము వహించెను. సంస్థ తనది కానిచో ఆ పని యామెకు ఎవరప్పగించియుందురు? ఆ చిత్రపు ప్రతి యొక్కటియు నేడు మిగులలేదు.

జుబేదా 1931లో తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా'లో నాయికయై, పిదప హైదరాబాదు ధనరాజ్‌గీర్ వంశమున మెట్టినది.

మన భానుమతి 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళ, హిందీ భాషలలో తీసినదియు స్వంత భరణీ సంస్థ నీడనే.